గీత దాకా

పైపుల పనివాళ్ళలో అతన్ని అందరూ బల్లి అనేవారు. ఎంత ఇరుకు సందైనా సరే, తల పట్టిందంటే చాలు, మిగతా ఒళ్ళంతా ఎలాగో ఒకలా సర్దుకుని లోపలికి పోయేవాడు. అటకల మీద, మెట్ల కింద, స్నానాలగదికీ వంటింటికీ మధ్య పైపుల కోసం వదిలిన డక్టుల్లో, ఎలుకలు సైతం విసుక్కుని వెనక్కి తిరిగే చోట్ల, వెల్లకిలా పడుకుని ఈల వేస్తూ పని చేసుకునేవాడు. పెళ్ళయిన కొత్తలో ఆ పేరు విని భార్య మొహం ముడుచుకుంటే, "గోడ మీద బల్లిని చూసి కెవ్వుమంటావు, సరే. గోడలోపల ఉండే బల్లితో నీకేం భయం?" అని నవ్వించాడు.

ఇప్పుడు బల్లి లేడు. నరాల జబ్బు ముందు చేతుల్ని, తర్వాత కాళ్ళని, చివరికి గొంతుని పట్టుకుంది. పోయి ఏడాది దాటింది. అతను దూరిన సందుల్లోకి ఇప్పుడు అతని భార్య దూరుతోంది.

అది పంతానికి మొదలుపెట్టిన పని కాదు. కొడుకు పోయాక, అప్పటికే పని మానేసి ఇంటిపట్టున ఉంటున్న మామ మళ్ళీ సంచి భుజాన వేసుకున్నాడు. ఊరందరికీ ఆయన మేస్త్రీ. పనితనంలో వంక పెట్టడానికి లేదు. కానీ ఒళ్ళు బరువెక్కింది, మోకాళ్ళు వంగనంటున్నాయి. వచ్చే పనుల్లో సగం ఆయన పొట్ట పట్టని చోట్లలోనే. ఒకరోజు ఎవరింట్లోనో సింకు వెనక సందులోకి చెయ్యి పెట్టి, వెనక్కి తీయలేక చాలాసేపు ఇరుక్కుపోయాడు. ఆ సంగతి ఇంటికొచ్చి తనే నవ్వుతూ చెప్పాడు. అత్తగారు నవ్వలేదు. మర్నాడు పొద్దున్న కోడలు పాపని అత్తగారి ఒళ్ళో కూర్చోబెట్టి, భర్త పాత చొక్కా తొడుక్కుని, చేతులు పైకి మడిచి గుమ్మంలో నిలబడింది.

"ఎక్కడికి?" అన్నాడు మామ.

"మీతోనే."

ఆయన కాసేపు ఆమె భుజాల వైపు చూశాడు, తలుపు కొలత తీసుకుంటున్నట్టు. "పడతావు," అన్నాడు. రమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. చెప్పులేసుకుని ముందు నడిచాడు.

ఆయన నేర్పిన మొదటి పాఠం గీత గీయడం. మలుపు దగ్గర పెట్టే ఎల్బోలోకి పైపు ఎంత లోతు వెళ్ళాలో ముందే కొలిచి, పైపు మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాలి. అతికించే సొల్యూషన్ పూశాక, ఆ గీత ఎల్బో అంచుకి తగిలేదాకా పైపుని నెట్టాలి. నెట్టి వదిలేస్తే చాలదు.

"దొంగది ఈ సొల్యూషన్," అనేవాడు మామ. "లోపలికి పోయిన పైపుని మెల్లిగా వెనక్కి తోస్తుంది. ఊపిరి బిగబట్టి పట్టుకోవాలి. నువ్వు దాన్ని ముందు వదిలేశావనుకో, అది నిన్ను తర్వాత వదిలేస్తుంది."

ఆమె చేతులు చిన్నవి. మొదట్లో అరచేతులు బొబ్బలెక్కాయి, తర్వాత కాయలు కాచాయి. హార్డ్‌వేర్ కొట్టు ఆయన ఆమెని చూసి "బల్లిగారి పెళ్ళాం వచ్చింది, తొందరగా చూడండి" అని పనివాళ్ళని కేకేసేవాడు. ఆ మాటలో ఎగతాళి లేదు. ఆమె కూడా ఏమీ అనుకునేది కాదు. ఆ పేరు ఇంకా ఎవరో ఒకరి నోట వినబడుతున్నందుకు ఆమెకి లోలోపల ఊరటగానే ఉండేది.

ఆ రోజు పని, పాత మేడ పై అంతస్తులో ఉండే ఒక పెద్దావిడ ఇంట్లో. వంటింటి గోడ మీద అరచేతంత మొదలైన చెమ్మ కిటికీ దాకా పాకింది. సున్నం పొక్కులు పొక్కులుగా లేచి, వేలు పెడితే పొడై రాలుతోంది. అలమారలో గిన్నెలన్నీ తీసి బల్ల మీద పేర్చుకుని, ఆ ఇంటావిడ నీరసంగా నిలబడి ఉంది.

"పోయినసారి మీ అబ్బాయే కదండీ చేసింది," అంది మేస్త్రీతో. "పైపులన్నీ కొత్తవి వేయించాం. గట్టిగా మూడేళ్ళు కూడా కాలేదు. మళ్ళీ ఇదీ వరస."

మేస్త్రీ మొహం గంటు పెట్టుకున్నాడు. "మావాడు పెట్టిన జాయింటు కారదమ్మా. గోడ కూలినా జాయింటు నిలబడుతుంది. ఏ ఎలకో కొరికుంటుంది. లేకపోతే ఎల్బోనే నాసిరకం అయ్యుంటుంది."

"ఏదో ఒకటి లెండి. కారడం ఆగితే నాకంతే చాలు." ఆవిడ గొంతు తగ్గించింది. "అబ్బాయి సంగతి ఆలస్యంగా తెలిసింది. మనసు మనసులో లేకుండా పోయింది నాకు."

మేస్త్రీ తల ఊపి, వెంటనే నిచ్చెన సర్దడంలో పడ్డాడు. కొడుకు మాట ఎవరెత్తినా ఆయనకి ఉన్నట్టుండి ఏదో పని గుర్తొస్తుంది.

డక్టులోకి దారి స్నానాలగది మీది అటకలోంచి. అటక చివర గోడకి చిన్న చెక్క తలుపుంది. దాని అవతల రెండు గోడల మధ్య నిలువునా చీకటి. కోడలు తలకి లైటు కట్టుకుని, నడుముకి తాడు బిగించి, పక్కకి తిరిగి పడుకుని భుజం ముందు దూర్చింది. తాడు రెండో కొస మామ చేతిలో ఉంది. ఆయన నిచ్చెన మీద కూర్చుని, ఆమె మడమల్ని ఒక చేత్తో పట్టుకున్నాడు.

లోపల తడి సిమెంటు వాసన, పాత బూజు. ఎడమ చెయ్యి ఒంటి కింద నలిగిపోయింది. కుడి చెయ్యి ఒక్కటే ఆడుతోంది. లైటు వేసినా పైపు వెనక భాగం కనబడదు. కళ్ళకన్నా వేళ్ళే నయమని ఆమెకి అప్పటికే తెలుసు. పైనుంచి కిందికి ఒక్కో జాయింటు చుట్టూ వేలు తిప్పుకుంటూ వచ్చింది. మొదటిది పొడి. రెండోది పొడి. పైపు వంటింటి వైపు తిరిగే ఎల్బో దగ్గర వేలు జారింది. తుడిచింది. తుడిచిన చోటే నెమ్మదిగా ఒక బొట్టు కట్టి, బరువెక్కి, రాలింది.

మెడ వంచగలిగినంత వంచి లైటు అటు తిప్పింది.

ఎల్బోకి పగులు లేదు. ఎలక పళ్ళ గాటూ లేదు. పైపు మీద పెన్సిలు గీత ఉంది. ఒకటి కాదు, పక్కపక్కనే రెండు సన్నటి గీతలు. అలా జంటగా గీసేవాడు ఒక్కడే. పెన్సిలు ముల్లు నాలికకి అద్దుకుని, ఒకటి గీసి, నమ్మకం కుదరనట్టు దాని పక్కనే మరొకటి గీసేవాడు. ఆ అలవాటు చూసి ఆమె ఎన్నోసార్లు నవ్వింది. గీతలు అంచుకి తగలాల్సింది. అంచుకీ గీతలకీ మధ్య చిటికెనవేలి మందాన తెల్లటి పైపు కనబడుతోంది.

లోపలికి పూర్తిగా పోలేదు.

 గోడ చల్లదనం చొక్కాలోంచి వీపుకి పాకుతోంది. ఆసుపత్రి గది గుర్తొచ్చింది. బల్ల అవతల డాక్టరు, "చేతుల్లో పట్టు తగ్గడం ఎప్పటి నుంచి?" అని అడిగాడు. "ఒక నెల అయ్యుంటుందండీ," అన్నాడు అతను. పక్కన కూర్చున్న ఆమె అవునన్నట్టు తలాడించింది. అది చలికాలం. ఈ ఇంట్లో పైపులు వేసింది దానికి ముందటి ఎండాకాలంలో.

ఆ ఎండాకాలం ఇంట్లో ఏం జరిగింది? తడి దుప్పటి పిండుదాం రమ్మంటే, ఒక కొస ఊరికే పట్టుకుని నిలబడి, "నువ్వు పిండుతుంటే చూడ్డం నాకు సరదా," అన్నాడు. సీసా మూత తీసి పెట్టమంటే పాప చేతికిచ్చి, "చూద్దాం నీ బలమెంతో," అన్నాడు. పాప వల్ల కాకపోతే, "మీ అమ్మకివ్వు, మనింట్లో పహిల్వాను ఆవిడే," అన్నాడు. ముగ్గురూ పడీ పడీ నవ్వుకున్నారు.

"ఏమ్మా, దొరికిందా?" వెనకనుంచి మామ గొంతు.

"దొరికింది మామయ్యా."

"ఎక్కడ?"

ఆమె పెదాలు తడుపుకుంది. "ఎల్బో దగ్గర."

"జాయింటా? ఎల్బోనా?"

మడమల మీద ఆయన చెయ్యి బిగిసింది. ఆ పట్టులోనే ఆమెకి అంతా అర్థమైంది. ఈ ముసలాయన పొద్దున్నే లేచి మోకాళ్ళకి గుడ్డ చుట్టుకుని బయల్దేరేది దేని కోసమో, ఏ మాట పట్టుకుని వీధిలో తలెత్తుకు నడుస్తున్నాడో ఆమెకి తెలుసు.

"ఎల్బోనే మామయ్యా. పగిలింది."

"నే చెప్పలా!" ఆయన గొంతు అటకంతా మోగింది. "చూశారా అమ్మా? ఎల్బో పగిలింది. మావాడి జాయింటు నిక్షేపంగా ఉంది."

"అలాగే నాయనా, అలాగే," అంది కిందనుంచి ఇంటావిడ.

ఆ తర్వాత పనిలో పడటమే ఆమెకి మంచిదైంది. వాల్వు కట్టేయించి, చిన్న బ్లేడుతో ఎల్బోకి అటూ ఇటూ పైపు కోసింది. రంపం ఆడటానికి చోటు లేదు. బ్లేడు ముక్కకి గుడ్డ చుట్టి, గోరంత ముందుకీ గోరంత వెనక్కీ లాగుతూ కోయాల్సి వచ్చింది. ప్లాస్టిక్ పొడి కళ్ళల్లో పడుతోంది. తుడుచుకుందామంటే చెయ్యి మొహం దాకా రాదు. కోసిన ముక్కని చొక్కా జేబులో వేసుకుంది.

అసలు తలనొప్పి అక్కడ మొదలైంది. వాల్వు కట్టినా పైన పైపులో మిగిలిన నీళ్ళు చుక్క చుక్కగా దిగుతూనే ఉన్నాయి. తడి మీద సొల్యూషన్ పట్టదు.

"ఆగట్లేదు మామయ్యా."

"అమ్మా, ఇంట్లో బ్రెడ్డుందా?" అని అడిగాడు మేస్త్రీ కిందికి వంగి.

ఇంటావిడ నొచ్చుకుంది. "అయ్యో, పొద్దుట్నుంచీ ఏమీ తినలేదా? ఉండండి, జామ్ రాసి తెస్తాను."

"జామ్ వద్దమ్మా. తినేది పైపు."

ఆవిడకి అర్థం కాకపోయినా ఒక ముక్క తెచ్చిచ్చింది. కోడలు దాన్ని నలిపి ఉండ చేసి పైపు నోట్లో కుక్కింది. అది నీటిని పీల్చుకుని కాసేపు ఆపుతుంది. తర్వాత కుళాయి తిప్పితే మెత్తబడి నీళ్ళతోపాటు కొట్టుకుపోతుంది. చుక్క ఆగింది. పొడిగుడ్డతో తుడిచి, గీత గీసి, సొల్యూషన్ పూసి కొత్త ఎల్బో ఎక్కించింది. అరచేతి మొదలుతో నెట్టింది. కొంత దూరం పోయి ఆగింది. పళ్ళు బిగించి మళ్ళీ నెట్టింది. గీత అంచుకి తగిలింది. సొల్యూషన్ వెనక్కి తోస్తోంది. వేళ్ళు వణుకుతున్నాయి, మోచెయ్యి సలుపుతోంది. అన్నం తిని ఒంట్లో శక్తి ఉన్న మనిషికే ఇంత కష్టంగా ఉంది.

రెండో వైపు పైపు అటూ ఇటూ జరగదు కాబట్టి, రెండు ముక్కలుగా విడిపోయి నట్టుతో కలుసుకునే యూనియన్ పెట్టి బిగించింది. బయటికి వచ్చేసరికి మొహమంతా తెల్లటి పొడి, కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. ఆ ఎరుపు పొడి వల్లనే అనుకున్నాడు మామ.

సొల్యూషన్ గట్టిపడేదాకా ఆగాలి కాబట్టి ఇంటావిడ ఇద్దరికీ టీ ఇచ్చింది. కోడలు గ్లాసు అందుకుంటుంటే ఆవిడకి ఏదో గుర్తొచ్చింది.

"ఆ రోజు మీ అబ్బాయి పని అయ్యాక చాలాసేపు మెట్ల మీద కూర్చుండిపోయాడు మేస్త్రీ. మంచినీళ్ళిస్తే గ్లాసుని రెండు చేతుల్తో పట్టుకున్నాడు, చిన్నపిల్లాడిలా. అయినా ఒలికింది. ఎండదెబ్బేమో అనుకున్నాను. కాసేపు పడుకో నాయనా అంటే, ఏం లేదండీ, కాస్త అలసట అని నవ్వాడు."

మేస్త్రీ టీ తాగబోతున్నవాడల్లా ఆగాడు. "ఎప్పుడమ్మా ఇది?"

"అదే, పైపులు వేసిన రోజే. వేసవి సెలవులకి మా మనవలొచ్చి ఉన్నారు."

ఆయన టీ అలాగే పక్కన పెట్టాడు. కుళాయిలు తిప్పి చూశారు. కోడలు మళ్ళీ లోపలికి దూరి జాయింట్ల చుట్టూ వేలు తిప్పింది. ఎక్కడా తడి లేదు. సంచి సర్దుకుని మెట్లు దిగారు.

వీధి మలుపు దాకా మామ ముందు నడిచాడు. అక్కడ మూసేసిన కొట్టు అరుగు మీద కూలబడి, చెయ్యి చాపాడు.

"ఆ ఎల్బో ఇలా ఇవ్వమ్మా."

"పారేశాను మామయ్యా."

"నువ్వు పారెయ్యవు. తీసిన ముక్కని ఇంటికి తెచ్చి చూసుకోమని నీకు నేర్పింది నేనే."

ఆమె జేబులోంచి తీసి ఇచ్చింది. ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. పగులు వెతకలేదు. నేరుగా పెన్సిలు గీతలు చూశాడు. అంచుకీ గీతలకీ మధ్య ఖాళీలో బొటనవేలి గోరు ఆనించి అలాగే ఉంచాడు. రోడ్డు మీద బండ్లు పోతున్నాయి. 

"వాడికి నేను నేర్పిన మొదటి పని ఇదే," అన్నాడు చివరికి. "ఇలా వదిలేసే రకం కాదు వాడు. చూసుకోలేదేమో."

"చూసే ఉంటాడు మామయ్యా," అంది ఆమె. ఆ మాట అనడం ఆమెకి తేలికేమీ కాలేదు. "నెట్టి ఉంటాడు. వల్లయినంతా నెట్టి ఉంటాడు. ఇక పోలేదు. అందుకే మెట్ల మీద కూర్చుండిపోయాడు."

ముసలాయన ఎల్బోని గుప్పిట్లో మూశాడు. "నాకో మాట చెబితే నేను వచ్చి పట్టేవాణ్ణి కదమ్మా. వేరేం అక్కర్లేదు. ఆ కాసేపు పట్టుకునేవాణ్ణి."

ఆమె పక్కన కూర్చుంది. ఇద్దరూ అంతకాలం ఒకే ఇంట్లో, ఎదురెదురుగా కూర్చుని తింటూ కూడా అతని గురించి ఇన్ని మాటలు ఒకేసారి మాట్లాడుకోలేదు. దుప్పటి సంగతి, సీసా మూత సంగతి ఆమె చెప్పింది. పాప పేరు చెప్పి ఎలా తప్పించుకునేవాడో చెప్పింది. ఆయన వింటూ ఒకసారి నవ్వాడు. నవ్వు మధ్యలోనే తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆమె అటు చూడకుండా రోడ్డు వైపు చూస్తూ కూర్చుంది.

కాస్త తేరుకున్నాక ఆయన లేచాడు. ఇంటి వైపు కాదు, వచ్చిన దారిన నడిచాడు.

ఇంటావిడ తలుపు తీసి ఆశ్చర్యపోయింది. "ఏమైనా మర్చిపోయారా?"

"లేదమ్మా. ఎల్బో పగల్లేదు. జాయింటు మావాడిదే. సరిగ్గా పడలేదు. పొద్దున నేనన్న మాట తప్పు."

ఆవిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఇప్పుడు బాగైంది కదా?"

"బాగైంది."

"మరి ఈ మాట చెప్పడానికి ఆ మోకాళ్ళతో మళ్ళీ ఇన్ని మెట్లెక్కి వచ్చారా?"

మేస్త్రీ తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఉత్త పుణ్యానికి ఎల్బో చేసినవాణ్ణి తిట్టాను కదమ్మా," అన్నాడు. ఆవిడ నవ్వలేదు. తలుపు దగ్గర ఒక క్షణం ఆయన చెయ్యి పట్టుకుని వదిలింది.

మెట్లు దిగుతూ ఆయన కోడలితో అన్నాడు: "నువ్వు అబద్ధమాడింది నా కోసమేనని నాకు తెలుసు. ఇంకేదైనా అయితే నీ ఇష్టం. పైపు విషయంలో మాత్రం నాకు అబద్ధం చెప్పకు."

"చెప్పను మామయ్యా."

ఇంకో నాలుగు మెట్లు దిగాక మళ్ళీ ఆగాడు. ఈసారి మోకాళ్ళ కోసం కాదు.

"ఆ ఎండాకాలం నుంచి చలికాలం దాకా వాడు ఊరికే కూర్చోలేదుగా. ఎక్కడెక్కడ చేశాడో?"

ఆ ప్రశ్నతో మొదలైంది వాళ్ళ తిరుగుడు. హార్డ్‌వేర్ కొట్టు ఆయనకి గుర్తున్నవి కొన్ని, ఆమెకి గుర్తున్నవి కొన్ని. అప్పట్లో అతను ఫలానా మేడలో చేస్తూ జ్వరం వచ్చిందన్నాడు, ఫలానా ఇంట్లో కుక్క కరవబోయిందన్నాడు. అలా మాటల్లోంచి ఇళ్ళు ఏరుకున్నారు. రోజు పని అయ్యాక, ఇంటికి పోయేముందు ఒక్కో తలుపు తట్టారు. ప్లంబరంటేనే పిలిచినా రాడని పేరు. అలాంటిది పిలవకుండా వచ్చి గుమ్మంలో నిలబడితే జనం దొంగని చూసినట్టు చూస్తారు. "మా పైపులు బాగానే ఉన్నాయి, వెళ్ళండి," అన్నవాళ్ళున్నారు. "కొత్త రకం మోసమా ఇది?" అని అడిగినవాడూ ఉన్నాడు. ఒక ఇంట్లో డక్టుని పలకలతో మూసేశారు. అక్కడ ఆమె గోడకి చెవి ఆనించి విని వచ్చేసింది. ఒక మేడ అప్పటికే పడగొట్టేశారు.

రానిచ్చిన చోట ఆమె లోపలికి దూరి గీత చూసేది. కొన్నిచోట్ల గీత అంచుకి సరిగ్గా తగిలి ఉండేది. కొన్నిచోట్ల కొద్దిగా తగ్గేది. కొన్ని అప్పటికే చెమ్మగిల్లుతున్నాయి, ఇంటివాళ్ళకే తెలియదు. వాటిని కోసి కొత్తవి పెట్టారు. వరసగా చూసుకుంటూ పోతే, బాగున్నవీ బాగులేనివీ ఒక క్రమంలో లేవు. ఒకే వారంలో ఒకటి గట్టిగా, ఒకటి లోటుగా. అతనికి మంచిరోజులూ చెడ్డరోజులూ వస్తూ పోతూ ఉండేవన్నమాట. చేతులు తిరిగి వచ్చాయని ఒకరోజు సంతోషపడి ఉంటాడు. మర్నాడు మళ్ళీ పోయి ఉంటాయి. ఆ సంతోషమూ ఆ భయమూ రెండూ తనలోనే దాచుకుని, సాయంత్రం ఇంటికొచ్చి పాపని భుజాన ఎక్కించుకున్నాడు.

అత్తగారికి మొదట ఏమీ చెప్పలేదు. కానీ ఆవిడ కనిపెట్టేసింది. రోజూ వాళ్ళు ఇంటికి రాగానే, చేతులకి నీళ్ళు పోస్తూ అడిగేది. ఒకరోజు "ఇవాళ ఎలా ఉంది?" అనబోయి, "ఇవాళ ఎలా ఉన్నాడు?" అంది. అన్నాక తనే గతుక్కుమంది. చెంబులో నీళ్ళు అయిపోయేదాకా ముగ్గురూ తలెత్తలేదు. మామే మెల్లిగా జవాబిచ్చాడు.

"ఇవాళ బాగానే ఉన్నాడే."

ఆఖరున మిగిలింది ఫోటో స్టూడియో. పని పూర్తిగా మానేసేముందు అతను చేసిన చివరి పని అదే. అప్పటికి అన్నం కలుపుకోవడానికే చేతులు సాగేవి కావు. అక్కడ జాయింటు ఎలా ఉంటుందో ఇద్దరికీ ముందే తెలుసు. అందుకే దాన్ని అన్నిటికన్నా వెనక్కి నెట్టుకుంటూ వచ్చారు. స్టూడియో కుర్చీ పక్కకి జరిపి, గొడుగుల్లాంటి పెద్ద లైట్లు మూలకి చేర్చి, యజమాని ఎత్తైన కప్పు దాకా నిచ్చెన వేసుకోనిచ్చాడు. "ఒక్క చుక్క కూడా కారట్లేదండీ," అన్నాడు. "కారాక చూస్తే ఆలస్యమవుతుంది బాబూ," అన్నాడు మేస్త్రీ. కొత్త ఎల్బో, సొల్యూషన్ డబ్బా అన్నీ ముందే బయటికి తీసి పెట్టుకున్నాడు.

కప్పు మీద సందు మిగతావాటికన్నా ఇరుకు. పాకుతూ చివరికంటా వెళ్ళాలి. కోడలు మోచేతుల మీద జరుగుతూ వెళ్ళి, ఎల్బో దగ్గర ఆగింది. దుమ్ము తుడిచింది. లైటు తిప్పింది.

"ఏమ్మా?" కిందనుంచి మామ. గొంతులో ఆత్రం లేదు, భయం ఉంది.

"మామయ్యా, గీత దాకా పోయింది."

"సరిగ్గా చూడు."

"చూశాను. అంచుకి అంటుకుని ఉంది. వెంట్రుక కూడా దూరదు."

ఆయనకి నమ్మకం కుదరలేదు. "ఇంకెవరైనా వచ్చి మార్చారేమో. రెండు గీతలున్నాయా?"

"ఉన్నాయి. ఆయనవే."

ఆమెకీ అంతుపట్టలేదు. అప్పటికి గ్లాసు ఎత్తలేని మనిషి. ఎలా నెట్టాడు? వెనక్కి జరగబోతూ పక్కకి తల తిప్పినప్పుడు కనబడింది. ఎల్బోకి ఎదురుగా, ఎవరూ ఎప్పుడూ చూడని తెల్లసున్నం గోడ మీద చెప్పుల గుర్తులు. ఎర్రమట్టి మరకలు. ఒకటి రెండు కాదు, ఒకదాని మీద ఒకటి, జారిన గీరలతో, చాలా ఉన్నాయి. కుడిది, ఎడమది, మళ్ళీ కుడిది.

ఆమె అక్కడే పక్కకి ఒత్తిగిలి పడుకుంది. భుజం సరిగ్గా ఎల్బో దగ్గరికి వచ్చింది. కాళ్ళు ఆ గోడకి ఆనాయి. చేతులు పలకకపోతే భుజం ఆనించి, కాళ్ళతో గోడని తన్నిపెట్టి, ఒళ్ళంతా పెట్టి నెట్టాడు. జారితే మళ్ళీ తన్నిపెట్టాడు. పోయేదాకా నెట్టాడు. పోయాక, సొల్యూషన్ పట్టేదాకా ఆ భుజాన్ని అలాగే ఉంచి, ఈ చీకట్లో ఒక్కడూ పడుకున్నాడు.

"కాళ్ళతో నెట్టాడు మామయ్యా," అంది. గొంతు పెంచి మళ్ళీ చెప్పింది. "కాళ్ళు గోడకి తన్నిపెట్టి భుజంతో నెట్టాడు. గోడ నిండా ఆయన చెప్పుల గుర్తులున్నాయి."

కింద నిచ్చెన కిర్రుమంది. ఆమె కంగారుగా వెనక్కి పాకింది. మేస్త్రీ ఎక్కుతున్నాడు. స్టూడియో ఆయన నిచ్చెన రెండు చేతులా పట్టుకుని, "పడతారండీ, వద్దండీ," అంటున్నాడు. ఒక్కో మెట్టు మీదా ఆగి, మోకాలిని చేత్తో ఎత్తి పైమెట్టు మీద పెట్టుకుంటూ ఆయన పైదాకా వచ్చాడు. ఆమె ఒక పక్కకి ఒదిగి, లైటు తీసి గోడ వైపు పట్టింది. ఆయన తల, ఒక భుజం మాత్రం లోపలికి పట్టాయి. అంతకన్నా ముందుకి రాలేకపోయాడు. అక్కణ్ణుంచే చూశాడు.

చాలాసేపు చూశాడు. ఆమె చెయ్యి నొప్పెట్టినా లైటు కదపలేదు.

"తుడవకు," అన్నాడు.

"తుడవను."

కిందికి దిగాక స్టూడియో యజమాని ఆయన చొక్కాకి అంటిన బూజు దులుపుతూ, "లీకేమైనా ఉందాండీ?" అని అడిగాడు.

"లేదు బాబూ," అన్నాడు మేస్త్రీ. బయట పెట్టిన ఎల్బోని, సొల్యూషన్ డబ్బాని ఒక్కొక్కటిగా సంచిలోకి తిరిగి సర్దుకున్నాడు. "చాలా బాగా చేశాడు."